విల్లు వేటకి తక్కువ ఖర్చులో రిలీజ్: చేతికి సరిపోయేది ఎంచుకోవడం, అలవాటు చేసుకోవడం

మా తాత జొన్న చేలో మంచె ఎక్కి వడిసెల తిప్పుతుంటే చూస్తూ పెరిగాను. వడిసెలకి రెండు కొసలుంటాయి. ఒకటి వేలికి తగిలించి ఉంటుంది, రెండోది చివర్లో వదిలేస్తారు. ఆ వదిలే క్షణం రవ్వంత ముందైనా వెనకైనా రాయి పిట్టల వైపు పోదు, పక్క చేలో పడుతుంది. ఎంత బలంగా తిప్పారన్నది కాదు, ఎలా వదిలారన్నదే లెక్క. మిషిగన్‌కి వచ్చి కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలుండే ఇప్పటి విల్లు) పట్టుకున్నాక నాకు మళ్ళీ ఆ పాఠమే ఎదురైంది.

ఇక్కడ డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో విల్లుతో జింకల వేట మొదలుపెట్టేవాళ్ళు నాకు అప్పుడప్పుడు కలుస్తుంటారు. విల్లు గురించి ఆరు నెలలు చదువుతారు, ఎనిమిది వందల డాలర్లు పెట్టి కొంటారు. నారిని పట్టుకుని వదిలే ఆ చిన్న పరికరం, అదే రిలీజ్, దాని దగ్గరికి వచ్చేసరికి, కౌంటర్ మీద వేలాడుతున్నదాంట్లో చౌకది ఒకటి తీసుకుని వచ్చేస్తారు. నేనూ అదే చేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, చట్టబద్ధంగా వేటాడేవాళ్ళ కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. మిషిగన్‌లో విల్లు వేట అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 వరకు, మళ్ళీ డిసెంబర్ 1 నుంచి జనవరి 1 వరకు ఉంటుంది. మధ్యలో నవంబర్ 15 నుంచి 30 వరకు తుపాకీ సీజన్. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ సేఫ్టీ కోర్సు పూర్తి చేయాలి. మీ రాష్ట్రం వేరైతే తేదీలూ నియమాలూ వేరే ఉంటాయి, ప్రతి ఏడాది కొత్త పుస్తకం చూసుకోండి.

రిలీజ్ చేసే పని ఏమిటి

మన ఇతిహాసాల్లో వీరులు ఉడుము చర్మంతో చేసిన అంగుళిత్రాణం వేళ్ళకి కట్టుకుని యుద్ధానికి వెళ్తారు. నారి వేళ్ళని కోసేయకుండా అది కాపాడేది. అయినా నారిని వదిలేవి వేళ్ళే. మూడు వేళ్ళ మీద నుంచి నారి జారేటప్పుడు తిన్నగా ముందుకి పోదు, వేళ్ళ కొసల చుట్టూ తిరిగి కాస్త పక్కకి ఒరుగుతుంది. దాంతో బాణం కూడా పక్కకి వంగుతుంది.

కాంపౌండ్ విల్లు పొట్టిది. ఇప్పటి వేట విల్లులు చాలావరకు 30 నుంచి 33 అంగుళాల మధ్య ఉంటాయి. పూర్తిగా లాగినప్పుడు నారి బాగా ఇరుకు కోణంలో వంగుతుంది, వేళ్ళతో పట్టుకుంటే బాణం తోక నలిగిపోతుంది. అందుకే నారికి బాణం తోక వెనకాల డీ-లూప్ అని చిన్న తాడు ముడి కడతారు. రిలీజ్ ఆ ముడిని ఒకే బిందువు దగ్గర పట్టుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే ఒక్కసారిగా విడిచిపెడుతుంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 3 స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విభాగంలోనే. ఆ వీడియోలు చూసేటప్పుడు నారి లాగే చేతిని గమనించండి, నేను చెప్పే పరికరం కనిపిస్తుంది.

మొదటి అడుగు: ముందు మీ విల్లు లెక్క తేల్చుకోండి

రిలీజ్ కొనడానికి ముందు మీ డ్రా లెంగ్త్, అంటే నారిని వెనక్కి లాగే దూరం, సరిగ్గా ఉందో లేదో చూడాలి. రెండు చేతులూ చాచి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా కొలిచి, ఆ అంగుళాలని 2.5తో భాగిస్తే ఉజ్జాయింపు వస్తుంది. 70 అంగుళాలుంటే 28. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, అసలు లెక్క షాపులో విల్లు లాగి చూపిస్తే తేలుతుంది.

రిలీజ్‌కీ దీనికీ ఏం సంబంధం అంటారా? రిలీజ్ మెడ, అంటే మణికట్టు పట్టీకీ నారిని పట్టే నోటికీ మధ్య ఉండే కాడ, పొడుగైతే మీ చెయ్యి దవడ దాటి వెనక్కి పోతుంది. పొట్టిదైతే ముందుకి వస్తుంది. విల్లు మారకపోయినా, మీ యాంకర్ మారిపోతుంది. యాంకర్ అంటే పూర్తిగా లాగాక చెయ్యి ముఖం మీద ఆనే చోటు. అది ప్రతిసారీ ఒకేచోట ఆనకపోతే పీప్ (నారిలో బిగించి ఉండే చూపు రంధ్రం) లోంచి చూసే కన్ను కూడా తప్పుతుంది. అందుకే రిలీజ్ మార్చి, ‘విల్లు డ్రా లెంగ్త్ తప్పుగా ఉంది’ అని షాపుకి పరిగెత్తేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంకో లెక్క. 60 పౌండ్ల విల్లు, 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) అనుకోండి. పూర్తిగా లాగాక మీ చేతిలో నిలబడేది 12 పౌండ్లే. కానీ లాగేటప్పుడు మధ్యలో మొత్తం 60 పౌండ్లూ ఆ చిన్న ఇనుప నోరు మీదే పడతాయి. వంద బాణాలు వేస్తే వంద సార్లు. చౌక రిలీజులు ఎక్కడ అరుగుతాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

రెండో అడుగు: ఏ రకం

నాలుగు రకాలున్నాయి. తక్కువ బడ్జెట్‌లో వేటకి కొనేవాళ్ళు నిజంగా ఆలోచించాల్సింది రెండిటి గురించే.

మణికట్టుకి పట్టీ, చూపుడువేలికి ట్రిగ్గర్ ఉండేది మొదటిది. షాపులో ‘ఇండెక్స్ రిలీజ్’ అంటే ఇదే. మొదటిసారి కొనేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. లాగే బరువంతా మణికట్టు మీద పడుతుంది కాబట్టి వేళ్ళు అలిసిపోవు. చేతికి కట్టేసి ఉంటుంది కాబట్టి చెట్టుకి కట్టిన మంచె మీద కూర్చున్నప్పుడు జారి కింద పడదు, కారులో మర్చిపోరు. 20 అడుగుల ఎత్తులో కూర్చుని, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు ఈ రెండు లాభాలూ ఎంత పెద్దవో తెలుస్తుంది. దీని తప్పు కూడా చూపుడువేలిలోనే ఉంది. ఆ వేలికి తొందర ఎక్కువ. జింక కనపడగానే టెన్షన్‌లో ట్రిగ్గర్‌ని గుద్దేస్తుంది.

పిడికిట్లో పట్టుకుని బొటనవేలితో నొక్కేది రెండోది, థంబ్ బటన్. పిడికిలి కణుపులు దవడ ఎముకకి చక్కగా ఆనుకుంటాయి, కాబట్టి యాంకర్ చాలా స్థిరంగా కుదురుతుంది. కానీ మంచివి వంద డాలర్లు దాటాకే మొదలవుతాయి. అరచేతికి తగ్గ సైజు చూసుకోవాలి. జారిపడితే ఆ రోజు వేట ముగిసినట్టే.

మిగతా రెండిట్లో ఒకటి హింజ్, చేతిని తిప్పితే విడిచిపెడుతుంది. రెండోది ట్రిగ్గర్ లేకుండా లాగుడు బిగువు పెరిగితే విడిచిపెట్టేది. రెండూ సాధనకి గొప్పవి. ట్రిగ్గర్ గుద్దే జబ్బు వదిలించుకోవడానికి అనుభవజ్ఞులు వీటితోనే సాధన చేస్తారు. మొదటి వేట సీజన్‌కి మాత్రం వద్దు.

మూడో అడుగు: చేతికి కొలత

ఈ అడుగులో తొందరపడకండి. కొనేటప్పుడు జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే.

పట్టీ మణికట్టు ఎముక మీద కూర్చోకూడదు. ఎముకకి ముందు, అరచెయ్యి మొదలయ్యే ముడత దగ్గర ఉండాలి. షాపులో పట్టీ కట్టుకుని, చెయ్యి వేలాడదీసి, వేలు ట్రిగ్గర్‌కి అందుతోందో లేదో చూసి ‘సరిపోయింది’ అనుకుంటారు. తప్పు. విల్లు లాగగానే పట్టీ అరచేతి వైపు జరుగుతుంది, రిలీజ్ తల ముందుకి పోతుంది. వదులుగా ఉన్నప్పుడు సరిగ్గా అందిన ట్రిగ్గర్, లాగినప్పుడు వేలి కొసకి మాత్రమే తగులుతుంది. కాబట్టి కొలత ఎప్పుడూ లాగుడు మీద ఉన్నప్పుడే చూడాలి.

దానికి విల్లు అక్కర్లేదు. గట్టి, పెద్దగా సాగని తాడు ఆరేడు అడుగులు తీసుకోండి, ప్యారాకార్డ్ (సన్నటి నైలాన్ తాడు) అయినా సరిపోతుంది. మీ డ్రా లెంగ్త్ అంత పొడుగున్న పెద్ద వలయం వచ్చేలా ముడి వేయండి. దాని ఒక కొసన డీ-లూప్‌లాగా చిన్న ముడి కట్టండి. పెద్ద వలయాన్ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, విల్లు పట్టుకునే చోట ఆనించి, చిన్న ముడికి రిలీజ్ తగిలించి, విల్లు లాగినట్టే మెల్లిగా బిగించి లాగండి. ఇది మీ మొత్తం సాధనలో అన్నిటికంటే చౌకైన పరికరం. షాపుకి కూడా జేబులో వేసుకెళ్ళండి. ఏ రిలీజ్ అయినా కౌంటర్ దగ్గరే నిలబడి పదిసార్లు విడిచి చూడొచ్చు.

అలా బిగించి లాగినప్పుడు మీ చూపుడువేలు ట్రిగ్గర్ చుట్టూ వంగాలి. ట్రిగ్గర్ వచ్చి వేలి మొదటి కణుపు ముడతలో కూర్చోవాలి. వేలి కొసన మాత్రమే తగులుతుంటే రిలీజ్ మెడ పొడుగెక్కువైనట్టు. వేలి కొసకి చురుకెక్కువ, దాంతో నొక్కితే గుద్దుడే అవుతుంది. కణుపు దగ్గర వంచి పట్టుకుంటే వేలు కొక్కెంలా ఆగిపోతుంది, వీపు బిగిస్తే ట్రిగ్గర్ దానంతట అది లొంగుతుంది. మిగతా మూడు వేళ్ళూ వదులుగా ఉండాలి. పిడికిలి బిగిస్తే మెడ తిరిగిపోతుంది, దాంతోపాటు డీ-లూప్ కూడా మెలి తిరుగుతుంది.

మనవాళ్ళలో సన్న మణికట్టు వాళ్ళు చాలామంది. నేనూ అంతే. మామూలు సైజు పట్టీలో చివరి రంధ్రం దాకా బిగించినా వదులుగా ఉంటే, సిగ్గుపడకుండా చిన్న సైజుదో పిల్లల సైజుదో అడగండి. కొన్ని మోడళ్ళలో లోపలి యంత్రం అదే, పట్టీ మాత్రమే చిన్నది. మెడ పొడుగు సర్దుకునే వీలు తప్పనిసరిగా ఉండాలి. కొన్నిటిలో తాడు పట్టీ బిగించి, కొన్నిటిలో స్క్రూ తిప్పి సర్దుతారు. స్క్రూ ఉన్నది ఒకసారి పెట్టిన చోటే నిలబడుతుంది, తాడుది మెల్లిగా జారుతుంది. తాడుది కొంటే, కుదిరిన చోట శాశ్వత మార్కర్‌తో గీత గీయండి. వారానికొకసారి ఆ గీత చూసుకోండి.

వెల్క్రోనా, బకిలా

బకిల్. నాకు ఈ విషయంలో సందేహం లేదు.

బెల్టులాగా రంధ్రాలుంటాయి కాబట్టి ప్రతిరోజూ అదే రంధ్రంలో, అదే బిగువులో కడతారు. వెల్క్రో ఈ రోజు ఒక బిగువు, రేపు ఇంకో బిగువు. ఇంత తేడాతో ట్రిగ్గర్ వేలి మీద కూర్చునే చోటు మారుతుంది. పైగా తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉన్న అడవిలో వెల్క్రో విప్పిన చప్పుడు ఎంత దూరం పోతుందో ఒకసారి వింటే చాలు. ఉన్ని పోగులు, నాచు అతుక్కుని వెల్క్రో కొక్కేలు నిండిపోతాయి కూడా. వెల్క్రోదే కొనాల్సి వస్తే, కారు దిగకముందే కట్టేసుకోండి, తిరిగొచ్చేదాకా ముట్టుకోకండి.

చలికోటు వేసుకునేవాళ్ళకి ఒక సూచన. పట్టీని కోటు చేతి మీద కట్టకండి. లోపలి పల్చటి చొక్కా మీదే కట్టి, కోటు చేతిని కొంచెం పైకి లాక్కోండి. లేదా సెప్టెంబర్ ఎండలో కట్టిన రంధ్రం, నవంబర్ చలిలో కట్టే రంధ్రం వేరని గుర్తుపెట్టుకుని, రెండిటితోనూ సాధన చేయండి.

నాలుగో అడుగు: నోరూ ట్రిగ్గరూ

రిలీజ్ నోరు రెండు రకాలుగా వస్తుంది. క్యాలిపర్ పట్టకారు నోరులా ఉంటుంది, డీ-లూప్‌ని పూర్తిగా మూసి పట్టుకుంటుంది. మంచె మీద గంటలు కూర్చున్నా తగిలించినది తగిలినట్టే ఉంటుంది. హుక్ తెరిచిన కొక్కెం. జింక మీద నుంచి కన్ను తీయకుండా, చూడకుండానే తడుముకుని తగిలించవచ్చు. బిగువు లేకపోతే మాత్రం జారిపోయే అవకాశం ఉంది, కాబట్టి లాగినదాన్ని మెల్లిగా తిరిగి దించేటప్పుడు జాగ్రత్త కావాలి. కొత్తవాళ్ళకి క్యాలిపరే సురక్షితం.

ఏదైనా సరే, నోటి అంచుల మీద గోరుతో రాసి చూడండి. ఎక్కడైనా గీరుకుంటే అది డీ-లూప్ తాడుని రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది. పూర్తి లాగుడులో డీ-లూప్ తెగితే మీ పిడికిలి మీ మూతికే తగులుతుంది.

ఇక ట్రిగ్గర్. దీనికి రెండు గుణాలున్నాయి. ఎంత దూరం కదిలాక విడిచిపెడుతుంది అన్నది ఒకటి, ఎంత బలం పెడితే కదులుతుంది అన్నది ఇంకొకటి. చాలామంది తేలిక ట్రిగ్గర్ మంచిదనుకుంటారు. వేటకి నేను కాస్త బరువైన ట్రిగ్గర్నే ఇష్టపడతాను, కానీ కదలిక తక్కువ ఉండాలి. చేతితొడుగు వేసుకున్నప్పుడు, వేళ్ళు మొద్దుబారినప్పుడు మరీ తేలిక ట్రిగ్గర్ తగలగానే పేలిపోతుంది. కదలిక పొడుగైతే అంతకంటే కష్టం, ఎప్పుడు విడుస్తుందో తెలియక వేలు ఎదురుచూస్తుంది, చెయ్యి వణుకుతుంది.

నా మొదటి నవంబర్‌లో జరిగింది చెబుతాను. ఆన్‌లైన్‌లో కొన్న ఇరవై డాలర్ల వెల్క్రో రిలీజ్ చేతికుంది. సాయంత్రం నాలుగున్నరకి ఆడజింక ఒకటి 18 గజాల్లోకి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. లాగాను, పిన్ను (సైటులో గురి చూసే చుక్క) జింక భుజం వెనకాల నిలిచింది, ట్రిగ్గర్ నొక్కాను. కదిలింది గానీ విడవలేదు. లోపల ఇసుక ఉన్నట్టు గరుకుగా ఆగింది. ఇంకొంచెం నొక్కాను, మళ్ళీ ఆగింది. మూడోసారి చెయ్యంతా బిగించి గుంజాను. బాణం జింక కడుపు కింద నుంచి పోయి మట్టిలో దిగింది. జింక రెండు గంతులు వేసి తోక ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను దిగి బాణం చూశాను, రక్తం లేదు, వెంట్రుక లేదు. అయినా చీకటి పడేదాకా ఆకుల మీద లైటు వేసి వెతుకుతూనే ఉన్నాను. ఒక్క చుక్క కనపడినా ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి కాదు. అది నాలుగంగుళాలు పైన తగిలి ఉంటే ఒక ప్రాణి రోజుల తరబడి బాధపడి చచ్చిపోయేది, నా ఇరవై డాలర్ల పొదుపు కోసం.

కాబట్టి ట్రిగ్గర్‌లో గరుకు ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. తాడు ముడితో పదిసార్లు విడిచి చూడండి. పదిసార్లూ ఒకే చోట, ఒకే బలానికి విడవాలి. కదలిక సర్దుకునే చిన్న స్క్రూ ఉండాలి. సర్దేటప్పుడు పావు చుట్టు మాత్రమే తిప్పండి, ప్రతి పావు చుట్టుకీ మళ్ళీ తాడు మీద పదిసార్లు పరీక్షించండి. మరీ తగ్గిస్తే లోపలి పట్టు నిలవదు, విల్లు లాగేటప్పుడే దానంతట అది విడిచిపోతుంది.

ఐదో అడుగు: ఎంత పెట్టాలి

ధరలు షాపుని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంటాయి. అంచనాకి చెబుతున్నాను.

20 నుంచి 40 డాలర్ల లోపు దొరికేవాటిలో పట్టీ, యంత్రం రెండూ సాదాసీదాగా ఉంటాయి. వీటిలోనూ వాడదగ్గవి ఉన్నాయి, ట్రూఫైర్ పేట్రియాట్ లాంటివి ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కానీ ఈ ధరలో ఒకే మోడల్‌లో ఒక పీస్ నున్నగా, ఇంకోటి గరుకుగా ఉండొచ్చు. చేత్తో పరీక్షించకుండా కొనకండి. నా దృష్టిలో ఇది రెండో రిలీజ్ ధర. అంటే బ్యాగులో పెట్టుకునే స్పేర్.

60 నుంచి 90 డాలర్ల మధ్య మీ డబ్బుకి అసలైన విలువ దొరుకుతుంది. బకిల్ పట్టీ, సర్దుకునే మెడ, నున్నటి ట్రిగ్గర్, కదలిక స్క్రూ అన్నీ ఇక్కడ వచ్చేస్తాయి. స్కాట్ లిటిల్ గూస్, ట్రూఫైర్ హార్డ్‌కోర్ ఈ పరిధిలో చూడదగ్గవి. హార్డ్‌కోర్ లాంటి కొన్నిటిలో రిలీజ్ తలని మణికట్టు మీదకి వెనక్కి మడిచే వీలుంటుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు అది ఇనుప మెట్లకి తగిలి టంగుమనదు. చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, చెట్టెక్కేవాళ్ళకి డబ్బు పెట్టదగ్గదే.

వంద దాటాక స్పాట్‌హాగ్ వైజ్‌గై లాంటి హుక్ రిలీజులు, ఆపైన కార్టర్, స్టాన్ వాళ్ళ పిడికిలి రిలీజులు వస్తాయి. గొప్పగా ఉంటాయి, కాదనను. కానీ మొదటి సీజన్‌లో 70 డాలర్లదానికీ 200 డాలర్లదానికీ మధ్య తేడా 20 గజాల దగ్గర మీ టార్గెట్ మీద కనపడదు. ఆ మిగిలిన డబ్బుతో మీ విల్లుకి సరైన బాణాలు ఇంకో అర డజను, సాధనకి మంచి బేల్ (బాణాలు దిగే గడ్డి మోపు లాంటి టార్గెట్) కొనుక్కోండి.

వాడినది కొనొచ్చా? కొనొచ్చు, మంచి పద్ధతే. వేట మానేసినవాళ్ళు, కొత్త మోడల్‌కి మారినవాళ్ళు సగం ధరకి ఇచ్చేస్తారు. పట్టీ కుట్లు చూడండి, ముఖ్యంగా మెడ పట్టీలోకి దిగే చోట. నోటి అంచులు చూడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, మూసినప్పుడు రెండు దవడలూ సమంగా కలుస్తున్నాయో లేదో చూడండి. తాడు ముడి పరీక్ష ఎలాగూ ఉంది. పట్టీ పాతబడినా యంత్రం బాగుంటే, ఆ కంపెనీ పట్టీ విడిగా దొరుకుతుందేమో అడగండి. కొత్తవి కొనేవాళ్ళు సీజన్ ముగిశాక జనవరి, ఫిబ్రవరిల్లో షాపులు చూసుకుంటే తగ్గింపులు దొరుకుతాయి. ఎనిమిది నెలల సాధన సమయం కూడా కలిసొస్తుంది.

ఆన్‌లైన్‌లో పది డాలర్లు తక్కువ అనిపించినా, మొదటిది మాత్రం దగ్గర్లోని విల్లుల షాపులోనే కొనండి. అక్కడ వాళ్ళు మీ విల్లుతోనే లాగించి చూస్తారు, డీ-లూప్ పొడుగు సరిచేస్తారు, అవసరమైతే పీప్ కూడా జరుపుతారు. ఆ పనికి ఆ పది డాలర్లు చాలా తక్కువ.

ఆరో అడుగు: విల్లుతో కలపడం

కొత్త రిలీజ్‌తో వేసే మొదటి బాణాలు టార్గెట్‌కి 3 గజాల దూరం నుంచే వేయండి. లాగేటప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ వెనకాల ఉండాలి, ముందు కాదు. పూర్తిగా లాగి, యాంకర్ కుదిరి, పిన్ను లక్ష్యం మీద నిలిచాకే వేలు ముందుకి రావాలి. ఈ అలవాటు మొదటిరోజే రాకపోతే, లాగే మధ్యలో నారి విడిచిపోయి పిడికిలి ముఖానికి తగిలే రోజు ఒకటి వస్తుంది. విల్లుని ఎప్పుడూ ఆకాశం వైపు ఎత్తి లాగకండి, బాణం లేకుండా విడవకండి.

మొదటి వారం కళ్ళు మూసుకుని వేయండి. 3 గజాల దూరంలో పెద్ద బేల్ ముందు నిలబడి, కళ్ళు మూసి, లాగి, వీపు కండరాలు మెల్లిగా బిగిస్తూ, ట్రిగ్గర్ ఎప్పుడు విడుస్తుందో తెలియకుండా విడవనివ్వండి. లక్ష్యం కనపడకపోతే వేలికి తొందర ఉండదు. రోజుకి ఇరవై బాణాలు చాలు. చెయ్యి అలిసిపోయాక వేసే బాణాలు తప్పుడు అలవాట్లే నేర్పుతాయి.

తర్వాత 20 గజాలకి జరగండి. మీ పాత పిన్నులు ఇప్పుడు తప్పుతాయి. కొత్త రిలీజ్‌తో యాంకర్ కొంచెమైనా మారుతుంది, బాణాలన్నీ ఒకే గుంపుగా పైకో కిందికో పక్కకో పోతాయి. గుంపు గట్టిగా ఉంటే భయం లేదు, గుంపు ఎటు పోయిందో సైటుని అటే జరపండి. గుంపే చెదిరిపోతుంటే సైటు ముట్టుకోకండి, పట్టీ రంధ్రం, మెడ పొడుగు మళ్ళీ చూడండి. 20 గజాల్లో పేపర్ ప్లేటు మధ్యలో వరసగా బాణాలు దిగుతున్నాకే 30 గజాలకి వెళ్ళండి. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు కలిసి దాదాపు ఆ ప్లేటంత ఉంటాయి. ప్లేటు దాటుతున్న దూరం నుంచి అడవిలో బాణం వదలకండి.

సీజన్‌కి నాలుగు వారాల ముందు నుంచి ఇంకో అలవాటు పెట్టుకోండి. రోజూ పొద్దున్నే వేడెక్కకుండా, సాధన లేకుండా ఒకే ఒక బాణం. వేట బట్టలు వేసుకుని, తొడుగు వేసుకుని, కుర్చీలో కూర్చుని. అడవిలో మీకు దొరికేది ఆ ఒక్క బాణమే కదా. ఆ రోజు బాణం ప్లేటు దాటితే ఎందుకు దాటిందో రాసి పెట్టుకోండి. నా పుస్తకంలో ఎక్కువసార్లు ఉన్న మాట ‘పట్టీ వదులు’.

అడవిలో

ట్రీ స్టాండ్ అంటే చెట్టుకి కట్టిన మన మంచె అనుకోండి. ఎక్కడం మొదలుపెట్టకముందే సేఫ్టీ హార్నెస్ (భుజాలకీ తొడలకీ బిగించే పట్టీలు) కట్టుకోండి. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కకండి, తాడుతో పైకి లాక్కోండి. రిలీజ్ తలని వెనక్కి మడిచి కోటు చేతిలోకి తోసుకోండి. పైకెక్కి కూర్చున్నాక ఒకసారి తాడు ముడి మీద రెండుసార్లు విడిచి చూసుకోండి. రాత్రి మంచు పడితే లోపల తేమ గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని అప్పుడే కనిపెట్టడం మేలు.

నూనె పోయకండి. చలికి చిక్కబడి, దుమ్ము పట్టి యంత్రం మందగిస్తుంది. గ్రాఫైట్ లాంటి పొడి లూబ్రికెంట్ కొంచెం చాలు. వానలో తడిస్తే ఇంటికొచ్చాక గుడ్డతో తుడిచి, హీటర్ పక్కన కాకుండా గది గాలికి ఆరనివ్వండి.

స్పేర్ రిలీజ్ బ్యాగులో ఎప్పుడూ ఒకే జేబులో పెట్టండి. స్పేర్‌ని కూడా విల్లుతో సరిచూసి పెట్టుకోండి. మెడ పొడుగు మొదటిదానితో సమానంగా పెట్టి, 20 గజాల్లో కనీసం ఒక అర డజను బాణాలు వేసి, గుంపు ఎక్కడ పడుతోందో తెలుసుకుని ఉండాలి. లేకపోతే అది ఉన్నా లేనట్టే.

డీ-లూప్ తాడుని ప్రతి వారం వేలితో తడిమి చూడండి. నూగు లేచినా, ఒక పోగు తెగినా మార్పించేయండి. కొన్ని డాలర్ల పని. కొత్త ముడి వేయించాక దాని పొడుగు పాతదాని పొడుగంతే ఉందో లేదో కొలిచి, మూడు బాణాలు వేసి చూసుకున్నాకే మళ్ళీ చెట్టెక్కండి.